కామాటిపుర చాళ్లలో ‘సమాధానం’

ముంబై సెంట్రల్ స్టేషన్‌లో దిగి బెల్లాసిస్ రోడ్డు మీదుగా నాగ్‌పాడా వైపు నడిచేవారికి కుడిచేతి పక్కన, అంకెలే పేర్లుగా గల సందులు ఎదురవుతాయి. ఇదే కామాటిపుర. ఈ పేరు వినగానే బయటివారికి స్ఫురించేది ఒక్కటే, వేశ్యావాటిక. కానీ 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట సముద్రపు పాయను మూసిన తరువాత, నిజాం రాజ్యం నుంచి కట్టడపు పనులకు వలసవచ్చి ఈ పల్లపు నేలలో గుడిసెలు వేసుకున్న తెలుగు కూలీలను నగరం ‘కామాటీలు’ అని పిలవడం వల్లనే ఆ పేరు వచ్చింది. వారి సంతతిలో ఎక్కువమంది హిందువులే. క్రైస్తవ కుటుంబాలు కొద్ది. అయినా తగాదా, రాజీ అనేవి ఇక్కడ ఏ ఒక్క మతానికీ చెందిన వ్యవహారం కాదు, ఎందుకంటే వాటిని మొదట నిర్ణయించేది చాల్ కట్టుబడి.

చాల్ అంటే ఒకే పొడవాటి వసారా మీదికి తలుపులు తెరుచుకునే ఒంటిగదుల వరుస; నల్లా ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి. పల్లెలో మాటలు మానుకున్నవాడు దారి మార్చి నడవగలడు గాని, ఇక్కడ బిందెల వరుసలో తన బిందె వెనుకనే పగవాడి బిందె ఉంటుంది. ఒకరి ఇంట్లో గొంతు పెరిగితే నాలుగు గదులు వింటాయి, మరునాటికి నలభై గదులు తీర్పు చెబుతాయి.

వ్యవహారంలో ‘సమాధానం’ అంటే జవాబు. తెలుగు బైబిలు భాషలో అదే మాటకు శాంతి అని, తెగిన బంధం మళ్లీ అతకడం అని అర్థం. ‘వాళ్లిద్దరూ సమాధానపడ్డారు’ అని సంఘంలో (అంటే ఒకచోట కూడి ఆరాధించే విశ్వాసుల సమూహంలో) అంటారు. మత్తయి సువార్త 18వ అధ్యాయం ఇందుకు ఒక క్రమాన్ని సూచిస్తుంది: నొచ్చుకున్నవాడు ముందు ఏకాంతంగా వెళ్లి తప్పు చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరు సాక్షులను తీసుకువెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘం ఎదుట పెట్టాలి. కులపెద్దల పంచాయతీ నడక దీనికి తలకిందులు, ఎందుకంటే అది విషయాన్ని నలుగురిలో పెట్టడంతోనే మొదలై, తప్పు కట్టించడంతో ముగుస్తుంది. సువార్త పద్ధతి మనిషి పరువు కాపాడుతుందనడంలో సందేహం లేదు. చిక్కల్లా, చాల్‌లో ఏకాంతం దొరకకపోవడమే. పిల్లలు నిద్రపోయాక మెట్ల మలుపులోనో, ఎండ తగ్గాక మేడమీద ఆరిన బట్టల మధ్యనో ఆ మాట జరగాలి. తెలుగు సంఘాలలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) ఉన్న ఆదివారం దగ్గరపడేకొద్దీ ఈ తొందర ఎక్కువవుతుంది, కారణం మనసులో పగ ఉంచుకుని చేయి చాపడానికి విశ్వాసి జంకుతాడు.

అదే అధ్యాయంలోని ఉపమానం క్షమాపణను అప్పు లెక్కలో చెబుతుంది. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. కాబట్టి రాజు తన దాసుడికి మాఫీ చేసిన పదివేల తలాంతులు 6 కోట్ల రోజుల కూలి కాగా, ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నది 100 రోజుల కూలి కోసం. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో రెండున్నర లక్షల మిల్లు కార్మికుల కూలి ఆగిపోయిన నగరంలో ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు. మాఫీ చేసినవాడు నష్టాన్ని తానే భరిస్తాడు. బాకీ లేదని బుకాయించడం మాఫీ కాదు. అక్కడే, ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన శిష్యుడు పేతురుకు దొరికిన ‘డెబ్బది ఏళ్ల మారులు’ అన్న జవాబులో ‘ఏళ్లు’ అంటే ఏడులు, అనగా డెబ్బై ఏడులు. కొత్తగా చదివేవారు సంవత్సరాలనుకుంటారు. పాత తగాదాలున్న వసారాలో అదేమంత పెద్ద పొరపాటుగా తోచదు.

అయితే ఇక్కడి సందులలోనే అయినవారి చేత అమ్ముడుపోయిన స్త్రీలున్నారు. క్షమించడం వేరు, సమాధానపడడం వేరు అన్న భేదం వారి విషయంలో ప్రాణంతో సమానం: మొదటిది ఒక్కరే చేయగలిగినది, రెండవదానికి అవతలివాడి పశ్చాత్తాపం కావాలి. క్షమించమని చెప్పి, అమ్మినవాడి ఇంటికే తిరిగి పంపే బోధకుడు ఆ భేదాన్ని చెరిపేస్తాడు. అలాంటి బోధకు భిన్నంగా, పక్కనే నాగ్‌పాడాలో అమెరికన్ మరాఠీ మిషన్‌కు చెందిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ 1920లలో నెలకొల్పిన నైబర్‌హుడ్ హౌస్, అన్ని మతాల ఇరుగుపొరుగు వారికీ తలుపు తెరిచి, బోధ కన్నా సేవను ముందుంచింది; నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో పుట్టింది ఆ ఇంట్లోనే.

ఇప్పుడు కామాటిపుర పాత కట్టడాల స్థానంలో ఎత్తయిన భవనాలు లేపే ప్రణాళిక మ్హాడా అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ చేతిలో ఉంది. వాటిలో ఎవరి నల్లా వారిది, ఎవరి మరుగుదొడ్డి వారిది; మాటలు మానుకున్న ఇద్దరు వేరువేరు లిఫ్టులు ఎక్కి ఏళ్లకేళ్లు ఎదురుపడకుండా గడిపేయవచ్చు.