బిడ్డల చేతికి ఒక కథల పుస్తకము



కొన్నేళ్ల క్రితం వేసవి సెలవులలో, మా గుండ్లపోచంపల్లి సంఘములో వి.బి.ఎస్. ముగింపు దినమున జరిగిన ఒక సంగతి నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. కంఠత వాక్యముల పోటీలో నాలుగవ తరగతి చదివే ఒక అబ్బాయికి మొదటి బహుమతి వచ్చింది. 23వ కీర్తన మొత్తం ఒక్క తప్పు లేకుండా, ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. బహుమతిగా బొమ్మల బైబిలు కథల పుస్తకం వాడి చేతిలో పెట్టి, "ఏదీ నాన్నా, మొదటి పేజీ అందరికీ వినబడేటట్టు చదువు" అన్నాను.

వాడు పుస్తకం తెరిచాడు. బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ పేజీలో ఉన్నది నోవహు ఓడ. వాడు మాత్రం మళ్లీ 23వ కీర్తనే మొదలుపెట్టాడు. వెనుక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కూటము అయిన తరువాత వాళ్లమ్మ నా దగ్గరకు వచ్చింది. మా ఊళ్లో బట్టలు కుట్టే కంపెనీలో పని చేసే తల్లి ఆమె. "వానికి అచ్చరాలు కూడబెట్టి సదువుడు రాదయ్యగారూ. మీరు నోటితోని చెప్తే ఇంటడు, పట్టుకుంటడు. ఇంట్ల సదివిచ్చేటోళ్లు ఎవలున్నరు?" అన్నది.

ఆమె ఎవరినీ నిందించలేదు. కాని ఆ మాట నాకే తగిలింది. ఆ బిడ్డ నాలుగు సంవత్సరాలు నా సండే స్కూలుకు వచ్చాడు. ఇన్నేళ్లలో వాడి చేత వాక్యములు వల్లె వేయించాను గాని ఒక్కనాడైనా వాడి ప్రక్కన కూర్చుండి ఒక పేజీ చదివించలేదు. పిల్లలు గడగడా అప్పజెప్పుతుంటే అది నా పరిచర్య ఫలమని సంతోషించాను. నా తప్పు ఆ దినమున సంఘమందరి యెదుట బయటపడింది. సిగ్గుపడినది మాత్రం ఆ పసివాడు.

అసలు సండే స్కూలు ఎందుకు పుట్టింది? 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణములో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారమున చదవడం నేర్పాలని ఈ బడిని మొదలుపెట్టాడు. చదవడం వస్తే వాళ్లే బైబిలు చదువుకుంటారని ఆయన తలంపు. మనము ఆదివారపు బడిని ఉంచుకొని, చదవడాన్ని విడిచిపెట్టాము.

బైబిలునే ఇచ్చి నేర్పవచ్చు గదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అదే చేశాను. కాని మన తెలుగు బైబిలు భాష పాతది, అచ్చు చిన్నది, వాక్యములు పొడవు. గుణింతాల దగ్గరే తడబడే ఎనిమిదేళ్ల బిడ్డకు అది ఎత్తైన మెట్టు. మొదటి మెట్టు కట్టకుండా పై మెట్టు ఎక్కమంటే ఎవరెక్కుతారు? వాడు తనంతట తానే పేజీ తిప్పాలనిపించే పుస్తకం కావాలి. అందుకని ఊళ్లో రైలెక్కి సికింద్రాబాదు పోయి, తార్నాకలో మంచి పుస్తకం వారి దగ్గర కొన్ని పుస్తకాలు కొని, ఒక ఇనుప పెట్టెలో పెట్టి మందిరములో ఉంచాను.

మా సంఘ పెద్ద ఒకాయన పెట్టె తెరిచి చూసి, "అయ్యగారూ, దేవుని మందిరంల కోతి కతలు, మొసలి కతలు ఎందుకు?" అన్నారు. నేను ఆయనకు న్యాయాధిపతుల గ్రంథము 9వ అధ్యాయము చూపించాను. అక్కడ యోతాము చెట్లన్నీ రాజును వెదకబోయిన కథ చెప్పాడు. ఒలీవ చెట్టూ, అంజూరపు చెట్టూ, ద్రాక్షావల్లీ కాదంటే చివరికి ముండ్లపొద రాజవుతానన్నది. నాతాను ప్రవక్త దావీదును గద్దించడానికి ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. మన ప్రభువైతే కథలేకుండ జనులకు బోధింపలేదు. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి నవ్వారు. తరువాతి ఆదివారము తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చి పెట్టె దగ్గర కూర్చోబెట్టారు.

ఇక ఏయే పుస్తకాలు? మా పిల్లల దగ్గర నేను చూసినదే చెబుతాను.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు ఉన్నవి ఇవ్వండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే కథ అయితే మరీ మంచిది. తాత ముల్లంగిని పీకబోవడం, అవ్వ, మనుమరాలు, కుక్క, పిల్లి ఒకరి వెనుక ఒకరు పట్టుకొని లాగడం, చివరికి చిట్టెలుక కూడా చెయ్యి వేస్తేనే అది ఊడి రావడం అనే రష్యా కథ ఉన్నది. రెండు పేజీలు దాటేసరికి పిల్లలు రాబోయే మాటను ముందే అంటారు. అన్న మాటను పేజీలో వెదికి పట్టుకుంటారు. చదవడం అక్కడే మొదలవుతుంది. 1991కి ముందు మాస్కో నుండి ఇలాంటి తెలుగు బొమ్మల పుస్తకాలు ఎంతో చౌకగా వచ్చేవి. వాటిలో కొన్నిటిని మంచి పుస్తకం వారు మళ్లీ అచ్చు వేశారు. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వారి పుస్తకాలు కూడా ఈ వయస్సుకు తగినవి.

మూడవ తరగతికి వచ్చేసరికి పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న, పేదరాశి పెద్దమ్మ కథలు రుచిస్తాయి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన చందమామ ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలు మీ చుట్టాల ఇళ్లలో అటకల మీద ఉంటే దింపండి. చిన్న వాక్యాలు, తేట తెలుగు, పేజీ పేజీకి బొమ్మ ఉంటాయి. దయ్యాలు, రాక్షసులు ఉన్నాయని భయపడేవారు ముందు తాము చదివి, తగిన కథ ఎంచి ఇవ్వవచ్చు.

నాలుగు, ఐదు తరగతులకు రెండు పేర్లు ప్రత్యేకముగా చెబుతాను. మొదటిది రైలుబడి. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో తన బాల్యమును గూర్చి రాసిన పుస్తకమునకు ఇది తెలుగు. అల్లరి చేస్తుందని మొదటి బడిలో నుండి పంపివేసిన పిల్లను, ఇంకొక బడి హెడ్మాస్టరు ఎదురుగా కూర్చోబెట్టుకొని నాలుగు గంటలసేపు ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ బడిలో తరగతి గదులు పాత రైలు పెట్టెలు! స్టేషను ఉన్న మా ఊరి పిల్లలకు ఇక చెప్పాలా? పోలియో వచ్చిన స్నేహితుణ్ణి ఆ పిల్ల చెట్టు ఎక్కించే భాగం చదివినప్పుడు మా పిల్లలు ఊపిరి బిగబట్టారు.

రెండవది టాల్‌స్టాయి కథలు. చెప్పులు కుట్టే మార్టిన్ ప్రభువు కొరకు దినమంతా కనిపెట్టి, ఆకలిగొన్నవారిలో ఆయనను చూసిన కథ క్రిస్మసుకు ముందు ఇంటిల్లిపాదీ చదువుకోవచ్చు. 1886లో అచ్చయిన ఇంకొక కథలో పాహోమ్ అనే రైతు, ప్రొద్దు గ్రుంకేలోగా ఎంత నేల చుట్టి వస్తే అంతా తనదే అని విని, ఆశకొద్దీ పరుగెత్తి, చివరికి పడి చనిపోతాడు. ఆరడుగుల నేల సరిపోయింది. పొలాలన్నీ ప్లాట్లయిన మన ప్రాంతములో ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

పుస్తకం కొనగానే పని అయిపోదు. రాత్రి భోజనము తరువాత, ప్రార్థనకు ముందు పది నిమిషాలు టి.వి. ఆపండి. బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు చదవండి. తప్పు చదివితే కసరవద్దు. కథ కాగానే "నీతి ఏమిటి?" అని పరీక్ష పెట్టవద్దు. మీకు చదువు రాకపోతే సిగ్గుపడకండి, బిడ్డను చదవమని మీరు వినండి. వినేవారు ఉంటేనే బిడ్డ చదువుతాడు. కొనలేని వారు ఫోనులో స్టోరీవీవర్ చూడండి. 2015లో ప్రథమ్ బుక్స్ వారు తెచ్చిన ఆ వేదికలో తెలుగు బొమ్మల కథలు ఖర్చు లేకుండా దొరుకుతాయి. సంఘముగా ఒక పెట్టె పెట్టుకోగలిగితే ఇంకా మేలు.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు ముల్లంగి కథతోనే, తనకంటె చిన్న పిల్లల మధ్య కూర్చుండి మొదలుపెట్టాడు. మొదట్లో నామోషీ పడ్డాడు. రెండు నెలలు పుస్తకం తీసుకుపోయి తెరవకుండానే తెచ్చాడు. తరువాత ఎప్పుడో ఒక ఆదివారము "ఇంకోటి ఉన్నదా అయ్యగారూ?" అన్నాడు. మరుసటి సంవత్సరము ఒక సాయంకాలము నేను గృహ దర్శనమునకు వెళితే, వాడు అరుగు మీద కూర్చుండి వాళ్ల తాతకు పాహోమ్ కథ చదివి వినిపిస్తున్నాడు. ఒత్తుల దగ్గర ఇంకా ఆగుతున్నాడు. ఆ తాత తనకున్న రెండెకరాలూ ఎన్నడో అమ్ముకున్నవాడు. కథ అయిపోయింది. ముసలాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంకోసారి సదువురా" అన్నాడు.

నేను వాకిట్లోనే నిలబడి, రెండవసారి చదవడం పూర్తయ్యేవరకు విన్నాను. ఆ రాత్రి వారి ఇంటి ప్రార్థనలో వాక్యము చదివినది నేను కాదు. వాడే చదివాడు, వ్రేలు పెట్టుకొని, మెల్లగా, పేజీలో ఉన్నది ఉన్నట్టుగా.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ మాసములో మీ బిడ్డకు ఒక్క పుస్తకము కొనండి. వాడి ప్రక్కన కూర్చుండండి. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.