బడి వదిలాక చేతికొచ్చే ఫోను

ప్రకాశం జిల్లాలో పొగాకు చేల నడుమ ఉన్న ఆ జిల్లా పరిషత్ హైస్కూలుకు నేను వెళ్లేసరికి ప్రార్థన అయిపోయింది. యాప్‌లో హాజరు వేసుకున్న టీచర్లు ఒక్కొక్కరే వచ్చి హెడ్మాస్టరు బల్ల సొరుగులో ఫోన్లు పెట్టి క్లాసులకు వెళ్తున్నారు. పిల్లలు బడికి ఫోను తేకూడదు, టీచర్లు తెచ్చినా క్లాసుకు వెళ్లేముందు హెడ్మాస్టరుకు అప్పగించాలి అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది వచ్చిన యునెస్కో విద్యా నివేదికను ఆధారంగా చూపింది. నియమం పెద్దలకూ వర్తించడం నాకు బాగా నచ్చింది. సారు చేతిలో ఫోను ఆడుతుంటే పిల్లవాడు తనది ఎందుకు వదులుకుంటాడు?

మధ్యాహ్న భోజనమయ్యాక వరండాలో కూర్చున్నాను. ఆడపిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుతున్నారు. మగపిల్లలు కబడ్డీ గీత దగ్గర ఔటా కాదా అని గొంతులు చించుకుంటున్నారు. ఆ అరుపులు వింటుంటే ఎంత హాయిగా అనిపించిందో! పోట్లాడుకుని, మళ్లీ కలిసిపోవడం పిల్లలకు అలవాటయ్యేది ఇలాంటి చోటే.

ఆ తర్వాతి పీరియడులో ఒకమ్మాయి బెంచీ మీద తల వాల్చి నిద్రపోయింది. లెక్కల టీచరు లేపలేదు. “రాత్రి ఒంటిగంట దాకా వాళ్ల నాన్న ఫోనులో రీల్స్ చూస్తుందండీ. అమ్మానాన్నా పొగాకు పనికి పోయొచ్చి అలిసి పడుకుంటారు. వాళ్లనేం అనగలం?” అన్నారావిడ.

ఆ ఇంటి సంగతే కాదిది. 2024 అసర్ విద్యా సర్వే ప్రకారం, మన దేశపు పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. దాన్ని వాడటం వచ్చినవాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఇంగ్లండులో 30 బడులను పరిశీలించి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2025లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్లు కట్టడి చేసిన బడుల పిల్లలకూ మిగతా బడుల పిల్లలకూ మానసిక ఆరోగ్యంలో తేడా కనబడలేదు. రోజు మొత్తం మీద ఫోనుతో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో మాత్రం నిద్రా, మనసూ రెండూ బాగాలేవని తేలింది. అందుకని బడిలో కట్టడి దండగని నేను అనను. ఆ కబడ్డీ ఆట చూశాక అసలే అనలేను. బడి పగలంతా కాపాడుకున్నది రాత్రి ఇంట్లో పోతోంది.

తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టరు అడిగేది ఒక్కటే: రాత్రి తొమ్మిదికల్లా పిల్లల చేతిలోంచి ఫోను తీసుకోండి. అందరూ తలూపుతారు, చేసేది కొందరేనన్నారు. బడి పిల్లలున్న ప్రతి ఇంటికీ నా విన్నపమూ అదే. తొమ్మిదికి ఫోను తీసేయండి, మీది కూడా పక్కన పెట్టండి.