ఇంట్లో ఎన్ని ఓట్లు?

2017 సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం సూరత్‌లోని మా గల్లీలోకి ఇద్దరు కార్యకర్తలు నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు. ఏ పార్టీ వాళ్లన్నది ఇక్కడ అప్రస్తుతం. గుజరాత్ శాసనసభ ఎన్నికల తేదీలు ఇంకా ప్రకటించలేదు కానీ లెక్కలు మాత్రం మొదలయ్యాయి. "కాకా, ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని హిందీలో అడిగారు. "ఒకటి" అన్నాడు బాపు. అది నాది. రాసుకున్నారు. కుళాయి నీళ్ల గురించి ఆయన ఎత్తుకున్న మాట పూర్తికాకుండానే పక్కింటికి నడిచారు. అక్కడ ఏడు ఓట్లున్నాయి మరి.

బాపు సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి సూరత్‌కు వచ్చింది 1983లో. మాలాంటి పద్మశాలి కుటుంబాలు లింబాయత్‌లో ఎన్నో. నేను పుట్టిందీ, కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడిలో చదివిందీ ఇక్కడే. కూలీగా మొదలుపెట్టి ఆరు సాంచాలకు యజమాని అయిన బాపు ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్నాడు. 2014లో తెలంగాణ వస్తుందన్న సంబరంతో అమ్మను వెంటబెట్టుకుని రైలెక్కి వెళ్లి ఓటేసొచ్చాడు. "ఇల్లు కూలినా ఓటున్నది. అది తీసేస్తే ఊర్లో మనమెవలం?" అనేవాడు.

ఆ మాటను కదిపింది జీఎస్టీ. ఆ ఏడాది జూలై 1న అది అమల్లోకొచ్చింది. మేం కొనే పాలిస్టర్ నూలుపై 18 శాతం పన్ను, నేసిన బట్టపై 5 శాతం. కట్టిన పన్నులో మిగిలిపోయేదంతా పెట్టుబడిలోంచి పోయినట్టే. నిరసనగా రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు రోజుల తరబడి మూతపడ్డాయి. మా సాంచాలూ ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను వినలేదు. అక్టోబరు 6న నూలుపై పన్నును 12 శాతానికి తగ్గించారు. ఎన్నికలు దగ్గరపడటమే కారణమని మార్కెట్లో అందరూ అనుకున్నారు. బాపు మరోలా అర్థం చేసుకున్నాడు: "ఓటున్నోళ్లు అరిస్తే ఇనబడుతదిరా. మనం అరిస్తే ఎవనికి పట్టె?"

మర్నాడు ఫారం 6 తెమ్మన్నాడు. పాత చిరునామా గడి దగ్గర పెన్ను ఆగింది. ఊళ్లో ఓటు అట్టే ఉంచుకుని ఇక్కడా రాయించుకొమ్మని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదన్నది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. బాపుకు చట్టం తెలియదు, కానీ రెండు చోట్ల మనిషినని చెప్పుకోవడం ఆయనకు నచ్చలేదు. రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు. అమ్మ ససేమిరా అంది. "మా అన్నదమ్ములున్న ఊరు. నా ఓటు జోలికి రావొద్దు" అని తేల్చేసింది.

డిసెంబరు 9న బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని సూరత్‌లో మొదటిసారి ఓటేశాడు. ఎవరికి వేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 182 స్థానాల్లో బీజేపీకి 99 వచ్చాయి, లింబాయత్ కూడా ఆ పార్టీదే. అంత కోపంగా ఉన్న నగరం ఇలా తీర్పు చెప్పిందేమిటని టీవీల్లో చర్చించారు. మా గల్లీకి అది వింతేం కాదు. కోపం వేరు, ఓటు వేరు.

ఏడాది తిరగ్గానే, 2018 డిసెంబరు 7న తెలంగాణలో పోలింగ్. అమ్మ ఒక్కతే వెళ్లింది. ఆమెను రైలెక్కించి వచ్చి బాపు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఊళ్లో ఆయన పేరు కొట్టేశారు. నోటీసు వచ్చినప్పుడు లేని బాధ అప్పుడు తెలిసింది. సొంతూరిని వదులుకోవడమంటే రైలెక్కడం కాదని, ఆ జాబితాలో గీత పడటమని నాకు ఆ రాత్రే అర్థమైంది.

2022లో మళ్లీ శాసనసభ ఎన్నికలొచ్చాయి. లింబాయత్‌లో ఏకంగా 44 మంది బరిలో నిలిచారు. గల్లీలోకి మళ్లీ నోటు పుస్తకాలొచ్చాయి. "కాకా, ఎన్ని ఓట్లు?"

"రెండు" అన్నాడు బాపు, కొంచెం గట్టిగానే. ఈసారి ఆ కుర్రాడు నిలబడి కుళాయి సంగతి చివరిదాకా విన్నాడు.

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది: "మూడని చెప్పు. ఒకటి ఊళ్లో ఉన్నది."