మనకు తగిన గోల్ఫుబంతి

సోదరీమణులారా! ఇంటికి బియ్యము కొనునపుడు మనలో నెవ్వరును మూటమీది బొమ్మను జూచి కొనరు. నాలుగు గింజలు అరచేతిలో పోసికొని, పాతవో క్రొత్తవో పరికించి, పులిహోరకా పొంగలికా యని యోచించి, ఆపైని బేరమాడుదుము. చింతపండునందును, చీరయందును ఇంత విచారణ చేయు మనము గోల్ఫు ఆడబూనినపుడు మాత్రము, బంతి విషయమున నోరు మెదపక యిచ్చినదానిని పుచ్చుకొని వచ్చుచున్నాము. “ఇది ఆడువారి బంతి యమ్మా” యని దుకాణదారు గులాబిరంగు పెట్టె నొకటి ముందుంచిన, అదియే మనకు విధించబడినదని తలంతుము. ఈ యలవాటు మంచిది కాదని నా యభిప్రాయము. అది యేల మంచిది కాదో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆటకు పోవునపుడు సంచిలో పదునాలుగు కఱ్ఱలవఱకు ఉంచుకొనవచ్చునని నిబంధన. దూరమునకొకటి, ఇసుకగుంటకొకటి, తుదకు బంతిని గుంటలోనికి దొర్లించుటకొకటి. దెబ్బ మారినకొలది కఱ్ఱ మారును. అన్ని దెబ్బలను తినునది మాత్రము బంతి యొక్కటియే. కావున అన్నిటికంటె ముందు యోచింపదగినది బంతియే యనుటలో వింత లేదు. ఈ యాటకు శాసనకర్తలు స్కాట్లండులోని ఆర్ అండ్ ఏ వారును, అమెరికాలోని యు.ఎస్.జి.ఏ. వారును. బంతి యడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. వారి నియమములలో పురుషుల బంతి వేఱు, స్త్రీల బంతి వేఱు అను మాట యెచ్చటను లేదు. ఆ భేదము అంగడిలో పుట్టినదే కాని ఆటలో పుట్టినది కాదు.

ఈ చిన్న వస్తువునకు పెద్ద చరిత్ర కలదు. పూర్వము స్కాట్లండులో తోలుసంచి కుట్టి, అందులో పక్షి యీకలు కూరి బంతులు చేసెడివారు. అవి మిక్కిలి ప్రియము. వానలో తడిసిన చెడిపోయెడివి. 1848 ప్రాంతమున మలయాదేశపు చెట్ల పాలనుండి తీసిన గట్టాపర్చా బంతులు వచ్చి ఆటను సామాన్యులకు సమీపమొనర్చినవి. 1898లో అమెరికా దేశస్థుడు హాస్కెల్ రబ్బరుదారమును ఉండగా చుట్టి బంతి చేయు నుపాయమును కనిపెట్టెను. నున్నని క్రొత్తబంతికంటె గాట్లుపడిన పాతబంతియే చక్కగా ఎగురుచున్నదని ఆటగాండ్రు అంతకుముందే గుర్తించియుండిరి. 1905లో విలియం టేలర్ అను ఆంగ్లేయుడు బంతినిండ చిన్న చిన్న గుంటలు పెట్టుటకు హక్కుపత్రము పొందెను. ఆ గుంటలవలన గాలి బంతిని అంటిపెట్టుకొని ప్రవహించి, వెనుకకు లాగు బలము తగ్గును. అవి లేనిచో బంతి ఇంచుమించు సగము దూరమే పోవును.

బంతి మారినంత వేగముగ స్త్రీల స్థితి మారలేదు. సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1867లోనే స్త్రీల గోల్ఫుసంఘ మొకటి వెలసినది. కాని వారు ఆడినది బంతిని నేలమీద దొర్లించు ఆట మాత్రమే. స్త్రీ చేయి భుజముకంటె పైకెత్తి కొట్టుట మర్యాద కాదని నాటి పెద్దల తలంపు. ఎత్తుపల్లములతో నిండిన వారి పచ్చికకు “హిమాలయములు” అని ముద్దుపేరు. అది నేటికిని కలదు. 1893లో స్త్రీల గోల్ఫుసమితి యేర్పడి పోటీలు ప్రారంభింపగా, లేడీ మార్గరెట్ స్కాట్ వరుసగా మూడేండ్లు గెలిచినది. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బువారు స్త్రీలను సభ్యురాండ్రనుగా చేర్చుకొనుటకు సమ్మతించినది 2014లో గాని కాదు! చేయి యెత్తుటకే యింత కాలము పట్టిన మనము, ఆ చేతితో కొట్టు బంతిని గూడ ఒకరి యిష్టమునకు విడుచుట న్యాయమా?

ఇక నేటి బంతుల సంగతి. అంగడిలో పేర్లనేకములున్నను జాతులు ముఖ్యముగా రెండు. మొదటిది రెండు భాగముల బంతి: లోపల పెద్ద రబ్బరుముద్ద, పైన అయనోమరు అను గట్టి పొర. దీనికి తిరుగుడు తక్కువ. దూరము పోవును, వంకర తక్కువ పోవును, పొర త్వరగా చెడదు, వెలయు తక్కువ. రెండవది మూడు నాలుగు పొరల బంతి. పైపొర యురేథేను అను మెత్తని పదార్థము. గుంటకు దగ్గఱనుండి కొట్టినపుడు ఇది కఱ్ఱముఖమును పట్టుకొని, వెనుకకు గిరగిర తిరుగుచు పోయి, పచ్చికపై పడి త్వరగా నిలుచును. దీని వెల ఎక్కువ.

ఊపు నెమ్మదియైనవారు మెత్తని బంతినే వాడవలెనని లోకోక్తి. స్త్రీల కఱ్ఱ వేగము తక్కువ యనుట నిజమే. వృత్తిగా ఆడు స్త్రీల వేగమే గంటకు సుమారు 95 మైళ్లు, పురుషులది సుమారు 115. మనవంటి గృహిణులది ఇంకను చాల తక్కువ. కాని మెత్తదనము చేతికి హాయి నిచ్చునే కాని దూరము నీయదు. నెమ్మది యూపునకు ఈ బంతికిని ఆ బంతికిని దూరములో భేదము కొలది గజములే. గుంటచెంత మాత్రము భేదము కన్నులకు గట్టినట్లు కనబడును. పైగా నెమ్మదిగా కొట్టిన బంతి ఎత్తు లేవక, పచ్చికపై పడి దొర్లి ఆవలికి పోవును. అట్టివారికి నిలుచుగుణముగల బంతియే మేలు చేయవచ్చును. “ఆడువారికి తిరుగుడు బంతి యెందుకు?” అనువారు దీని నెఱుగరు.

నేలను, గాలిని గూడ చూడవలెను. విశాఖపట్టణమువంటి సముద్రతీరమున ఎదురుగాలికి, ఎక్కువగా తిరుగు బంతి గాలిపటమువలె పైకిలేచి ముందే కూలును. అచ్చట తిరుగుడు తక్కువదియే నయము. ఉదకమండలము ఇంచుమించు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలి సముద్రతీరపు గాలికంటె దాదాపు ఐదవవంతు పలుచన గనుక బంతి దూరము పోవును. కాని చలి ఉదయములందు రబ్బరు చురుకు తగ్గి ఆ లాభములో కొంత హరించును. గోలకొండ క్రిందనున్న హైదరాబాదు మైదానమున వేసవిలో నేల గట్టిపడినపుడు బంతి తానే దొర్లును గనుక, దూరముకంటె నిలుపుట ముఖ్యము. వానకాలమున మెత్తని నేల బంతిని తానే పట్టుకొనును. అప్పుడు గాలిలో పోవు దూరమే లెక్కకు వచ్చును. ఎండిన గోధుమవన్నె గడ్డిలోను, మబ్బు క్రిందను పసుపుపచ్చని బంతి కంటికి త్వరగా దొరకును.

నేను అనుసరించు పద్ధతి యిది. రెండు జాతులవి మూడేసి బంతులు తీసికొని గుంటకడనుండి వెనుకకు పోవుదును. మొదట పది అడుగులనుండి దొర్లించి చూతును. పిదప ఇరువది గజములనుండి ఎగురవేసి, ఎంత దూరమున నిలిచినవో అడుగులతో కొలిచి, పాలలెక్క వ్రాయు పుస్తకమువంటి దానిలో వ్రాసికొందును. పెద్దదెబ్బ చిట్టచివర. మూడు దినములు ఇట్లు చేసిన, ఏ బంతి నాదో ఆ పుస్తకమే చెప్పును. పిదప ఆటాటకు జాతి మార్చను. బియ్యము మారిన ఎసరు మార్చవలసినట్లు, బంతి మారిన చేతి లెక్క మార్చవలసి వచ్చును గదా!

పొదుపు మాట మఱవరాదు. ఆటకు మూడు బంతులు పొదలలోను, చెఱువులోను పోగొట్టుకొనువారు వెలగల బంతి కొనుట దండుగ. చేయి కుదురువఱకు చౌకది చాలును. చెఱువులలోనుండి దేవి అమ్ము బంతులు, నీట నెక్కువకాలము నానినవైన, కొంత సత్తువ తగ్గియుండును. గిన్నెలమీద మనము పేరు చెక్కించుకొనునట్లే బంతిమీదను మన గుర్తు వ్రాసికొనవలెను. ఒకరి బంతిని కొట్టిన శిక్ష కలదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బెంగళూరు బాలిక అదితి అశోక్, తల్లి సంచి మోయగా, నాలుగవ స్థానము పొందినది. పతకమునకు తక్కువైనది ఒక్క దెబ్బయే. దూరము కొట్టుటలో ఆమె ప్రత్యర్థులనేకులకు వెనుకబడియు, గుంటచెంతి నేర్పుచేతనే అంతవఱకు వచ్చినది. బలము లేదని మనలను తక్కువచేయువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను? సోదరీమణులారా! మీ యూపు మీది. మీరాడు నేల మీ యెదుట నున్నది. రెంటిని మీరే తూచి బంతిని మీరే యెన్నుకొనుడు. పెట్టె రంగును అడుగవలదు, పచ్చికను అడుగుడు.