జోబులో చీటీ

పోటీ పరీక్షలకు లెక్కలు, రీజనింగ్ చెప్పే పంతుళ్ళకు ఒక పొగరు ఉంటుంది. ప్రశ్న సగం చదవకముందే జవాబు తెలిసినట్టు తల ఊపుతాం. తిరువళ్ళూరులో ట్యూషన్ పెట్టిన కొత్తలో నాకు ఆ పొగరు నిండుగా ఉండేది. రైల్వే పరీక్షలకని, బ్యాంకు పరీక్షలకని, టీఎన్‌పీఎస్సీకని కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. కోడ్ విప్పడం, వరసలో తప్పిన అంకె పట్టుకోవడం నాకు రోజువారీ పని. అలాంటివాణ్ణి పట్టుకుని మా అక్క పిల్లలు మద్రాసులో ఎస్కేప్ రూమ్‌కి పోదాం రమ్మన్నారు.

"గంటలోపల బయటపడాల మామా" అన్నాడు మేనల్లుడు.

"గంటెందుకురా, అరగంట చాలు" అన్నాను. ఆ మాట వాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు.

ఆట సంగతి తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. ఐదారుగురిని ఒక గదిలోకి పంపి తలుపు వేస్తారు. గదికి ఒక కథ ఉంటుంది: జైలు, బ్యాంకు దోపిడీ, మాయమైన శాస్త్రవేత్త. బల్లలు, సొరుగులు, పుస్తకాలు, గోడమీది పటాలు, వీటిలో ఆధారాలు దాచి ఉంటాయి. ఒక ఆధారం ఒక తాళం తీస్తుంది, ఆ పెట్టెలో ఇంకో ఆధారం దొరుకుతుంది. అలా ఆఖరి తాళందాకా వెళ్ళాలి. సాధారణంగా 60 నిమిషాల గడువు. ఇది మొదట కంప్యూటర్‌లో ఆడే ఆట. 2004లో జపాన్‌లో తోషిమిత్సు తకాగి చేసిన 'క్రిమ్సన్ రూమ్' అలాంటిదే. 2007లో క్యోటో నగరంలో స్క్రాప్ అనే సంస్థ తరఫున తకావో కాటో దాన్ని నిజం మనుషులతో ఆడించాడు. 2011లో బుడాపెస్ట్‌లో 'పారాపార్క్' మొదలయ్యాక యూరప్ అంతా పాకింది. తర్వాత మన ఊళ్ళకూ వచ్చింది.

ఒక ఆదివారం అక్క, మేనల్లుడు, మేనకోడలు తిరుత్తణిలో లోకల్ ట్రైన్ ఎక్కారు. తిరువళ్ళూరులో నేను ఎక్కాను. అక్కను చూసి కొంచెం ఆశ్చర్యపోయాను. "నువ్వెందుకక్కా, ఆ తాళాలూ అంకెలూ..." అన్నాను. అక్కవాళ్ళది మగ్గాల ఇల్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆపి మగ్గం ముందు కూర్చున్న మనిషి. "పిల్లోళ్ళు రమ్మనిరి, వస్తిని" అంది. ఆమెకు తోడుగా కూర్చోవడానికి గదిలో ఒక కుర్చీ ఉంటే చాలనుకున్నాను. నా మొదటి తప్పు అక్కడే, రైల్లోనే జరిగింది. గదిలో అడుగు పెట్టకముందే ఎవరికి ఎంత బుర్ర ఉందో లెక్కలు వేసేశాను.

అక్కడ ఫోన్లు లాకర్‌లో పెట్టించారు, ఒక కాగితంమీద సంతకాలు చేయించారు. ఆట నడిపే అమ్మాయి నియమాలు చెప్పడం మొదలుపెట్టింది. దేన్నీ బలవంతంగా లాగొద్దు, గోడలు ఎక్కొద్దు, స్విచ్‌బోర్డుల జోలికి పోవద్దు, సాయం కావాలంటే అడగండి. ఆమె తమిళంలో, ఇంగ్లీషులో చెబుతూ ఉంటే నేను తెర సందులోంచి గది లోపలికి తొంగి చూస్తున్నాను, ముందే ఏదైనా కనిపెట్టొచ్చని. అక్క మాత్రం గుడిలో పురాణం వింటున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

గది ఒక డిటెక్టివ్ ఆఫీసు. లోపలికి వెళ్ళిన కాసేపటికే పుస్తకాల వెనక నాకొక చీటీ దొరికింది. దానిమీద నాలుగు రంగు చుక్కలు: పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. అంకె లేదు, అక్షరం లేదు. ఇది పెద్ద చిక్కుముడికి తాళంచెవి అయ్యుంటుంది, తర్వాత తీరిగ్గా నేనే విప్పుతాను అనుకుని చొక్కా జోబులో వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మేనకోడలు అడిగింది కూడా, "మామా, నీకేమన్నా దొరికిందా?" అని. "ఏం లేదులేమ్మా" అన్నాను. అబద్ధం చెప్పానన్న స్పృహ కూడా లేదు. అర్థం కానిదాన్ని దొరికిందని ఎలా అంటాను?

చిన్నచిన్న తాళాలు పిల్లలు తీశారు. ఆఖరికి నాలుగంకెల తాళం వేసిన చెక్కపెట్టె మిగిలింది. అందులోనే తలుపు తాళంచెవి. ఇక్కడ నా విద్వత్తు విజృంభించింది. షెర్లాక్ హోమ్స్ తొలి నవల వచ్చిన 1887 పెట్టాను. రాలేదు. 1947 పెట్టాను. తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్‌గారి 1888 కూడా పెట్టాను. డిటెక్టివ్‌కీ ఆయనకీ ఏం సంబంధమని ఆ క్షణంలో నన్నెవరూ అడగలేదు, అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణే. అదీ కుదరక 0000 నుంచి వరసగా తిప్పడం మొదలుపెట్టాను. నాలుగంకెల తాళానికి 10,000 వరసలు. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా ఐదున్నర గంటలు. ఈ లెక్క నేను క్లాసులో చెప్పేదే.

ఈలోపల అక్క నేలమీద పరిచిన జమకాళం దగ్గర వంగి కూర్చుంది. "తమ్ముడూ, ఇది భవానీ జమకాళం మాదిరి ఉండాది గానీ చారలు వరసలో లేవురా. ఎరుపు మూడే, పసుపు ఏడు, ఆకుపచ్చ నాలుగు, నీలం రెండు. నేసేటోళ్ళు ఇట్లా చెయ్యరు. కావాలనే చేసినారు" అంది.

"అక్కా, కాసేపు కూచో. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పిపోతా ఉంది" అన్నాను.

అప్పుడే గోడమీది తెరపైన ఒక వాక్యం వెలిగింది. దొరికిన వస్తువులన్నీ అందరూ చూశారా అని అడుగుతోంది. అందరికీ వేసే మాటేలే అని తాళం తిప్పుతూనే ఉన్నాను. అది కెమెరాలో నా జోబును చూస్తున్న అమ్మాయి నాకోసమే రాసిన మాట.

ఇంకో అవస్థ కూడా చెప్పాలి. దారిలో తాగిన టీలు పని చేయడం మొదలుపెట్టాయి. తలుపు తాళం వేసి ఉంది కదా, ఓర్చుకోక తప్పదని కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాను. మేనల్లుడు గమనించి, "ఆ పచ్చ బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటాది మామా, ఎప్పుడైనా పోయి రావచ్చని ఆయక్క చెప్పె గదా" అన్నాడు. నేను తెర సందులోంచి తొంగి చూస్తున్నప్పుడు చెప్పిందన్నమాట.

గంట కొట్టింది. అమ్మాయి నవ్వుతూ లోపలికి వచ్చి అడిగింది, నాలుగు చుక్కల చీటీ ఎవరి దగ్గర ఉందని. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అట్లాంటిదేమీ మాకు దొరకలేదక్కా" అంది మేనకోడలు. నా చెయ్యి దానంతటదే జోబు మీదికి పోయింది. ఆ రెండు మూడు క్షణాల్లో నాకు మొత్తం అర్థమైపోయింది. అంకెలు అక్క నోట్లో ఉన్నాయి, వాటి వరస నా జోబులో ఉంది. ఇద్దరికీ మధ్య దూరం నాలుగడుగులు.

అక్క కోప్పడలేదు. "ఏ రంగు ముందు?" అంది.

"పసుపు. నీలం. ఎరుపు. ఆకుపచ్చ."

ఏడు, రెండు, మూడు, నాలుగు తిప్పింది. టక్కున తెరుచుకుంది. తర్వాత నావైపు తిరిగి, "ఇంతసేపూ నీ జోబులోనే ఉన్నిందా?" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, రెండో క్షణంలో.

తిరుగు రైల్లో ఇంకొకటి తట్టి మరీ సిగ్గేసింది. అక్క చెప్పిన నాలుగంకెలు విని ఉంటే చీటీతో కూడా పని లేదు. నాలుగు వేరువేరు అంకెలకు 24 వరసలే. రెండు నిమిషాలు పట్టదు. ఆ సూత్రాన్ని బోర్డుమీద రాసి డబ్బు తీసుకునేవాణ్ణి నేను. తెలివి చాలక ఓడిపోయామని చెప్పుకోవడానికి కూడా లేదు.

చిన్నప్పటినుంచీ పరీక్ష హాల్లో నేర్చుకున్నది ఒకటే: జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, పక్కవాడికి కనపడకూడదు. ర్యాంకు వచ్చేది అలాగే. నేను పిల్లలకు నేర్పిందీ అదే. ఆ గది నియమం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ సగం తెలిసినవాడు నోరు తెరవాలి, అసలేమీ అర్థం కానివాడు ఇంకా గట్టిగా తెరవాలి. మీరూ మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే అయితే, దొరికిన మొదటి చీటీని మీ చెయ్యీ జోబులోకే తీసుకుపోతుందని నా అనుమానం.

కాబట్టి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. ఓ పావుగంట ముందే చేరండి, నియమాలు చెవిన వేసుకోండి. దొరికినదాన్ని పైకి చెప్పి, అందరికీ కనపడేలా బల్లమీద పెట్టండి. పని అయిపోయిన తాళంచెవులను పక్కన వేరుగా ఉంచండి, చాలావరకు ఒక ఆధారం ఒకసారే పనికొస్తుంది. కండబలంతో తెరిచేది ఏదీ అక్కడ ఉండదు. ఒకేచోట ఇరుక్కుపోయి కదలకపోతే సాయం అడగండి. అడిగితే పరువు పోతుందనుకుంటే ఒక లెక్క చెబుతాను: స్కాట్ నికల్సన్ అనే ఆయన 2015లో ప్రపంచంలోని 175 ఎస్కేప్ రూమ్ సంస్థలను అడిగి చూస్తే, గెలిచి బయటికొచ్చేది నూటికి 40 జట్ల దాపున తేలింది. ఓడేవాళ్ళే ఎక్కువ.

ఒక్క విషయంలో మాత్రం నవ్వు పక్కన పెట్టాలి. 2019 జనవరి 4న పోలండ్‌లోని కోషాలిన్‌లో ఇలాంటి చోట పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన ఐదుగురు పదిహేనేళ్ళ ఆడపిల్లలు, మంటలు లేస్తే బయటికి రాలేక చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం దేశమంతా తనిఖీలు చేసి చాలావాటిని మూయించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు పచ్చ బటన్ గుర్తొచ్చి ఒళ్ళు ఝల్లుమంది. ఆట మొదలవకముందే అడగండి: మధ్యలో బయటికి రావాలంటే ఎలా? కరెంటు పోతే తలుపు ఏమవుతుంది? సూటిగా జవాబు రాకపోతే డబ్బులు పోయినా సరే వెనక్కి వచ్చేయండి.

ఆ తర్వాత నా ట్యూషన్‌లో ఒక అలవాటు పెట్టాను. వారానికొక లెక్కను ముక్కలు చేసి నలుగురికి తలా ఒక చీటీ ఇస్తాను. ఒక్కడివల్ల తేలదు. బాగా చదివే కుర్రాళ్ళే అందరికంటే ఆలస్యంగా చీటీ బయటపెడతారు. వాళ్ళను తిట్టబుద్ధి కాదు.

పిల్లలతో తర్వాత ఇంకా కొన్నిచోట్లకు వెళ్ళాం. కొన్ని గెలిచాం, కొన్ని ఓడాం. లోపలికి పోయేముందు మేనకోడలు నన్ను ఆపి జోబులు తడిమి చూస్తుంది. ఎందుకైనా మంచిదని, ఆరోజు జోబు లేని టీషర్టు వేసుకుని పోతున్నాను. మీరూ అలాగే చేయండి.