జేజినాయన అడిగిన అడివి కోడి

మేము టెక్సాస్‌లో ఉన్నది రెండేళ్ళే. మేమంటే ఆలుమగలం. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనే, ఇద్దరమూ బళ్ళారి జిల్లాలో కన్నడ మీడియంలో చదివినవాళ్ళమే. తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి. ఆదివారం ఊరికి ఫోన్ చేస్తే జేజినాయన జీతం అడగడు, ఇల్లు అడగడు. "ఆ దేశంలో పెద్ద అడివి కోడి ఉండాదంటనే, చూస్తిరా?" ఇదొకటే అడిగేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన కౌజుపిట్టల వేటగాడు. బడిలో మేము గౌజలహక్కి అని చదివింది, ఇంట్లో కౌజు అనేది ఒకటేనని మాకు చానా రోజులు తెలియదు. పెంచిన మగ కౌజును దీమంగా బోనులో పెట్టి, చుట్టూ గుర్రపు తోక వెంట్రుకల ఉచ్చులు వేసేవాడంట. లోపలిది కూస్తే ఆ చేలోని మగది పోట్లాటకు వచ్చి తగులుకునేది. తర్వాత వేట చట్టానికి విరుద్ధమని తెలిసి మానేశాడు. బోను తలుపు తీసి పెడితే దీమం పిట్ట మూడు దినాలు బయటికి పోలేదని అవ్వ ఇప్పటికీ చెప్తుంది. ఆ మాట వస్తే జేజినాయన లేచి వాకిట్లోకి పోతాడు.

టెక్సాస్‌లో మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు. వసంతకాలం వచ్చిందంటే సెలవు పెట్టి టర్కీ వేటకు పోయేవాడు. మాకు పాఠం చెప్పింది ఆయనే. అడివి టర్కీ ఒకటే జాతి, కానీ ఆ దేశంలో దానికి ఐదు ఉపజాతులు. మేము టెస్టర్లం కదా, ఒకే సరుకు ఐదు వెర్షన్లలా అనిపించింది. తేడా ఎక్కువగా తోక ఈకల కొసల్లో చూస్తారు. ఈస్టర్న్ అనేది తూర్పు సగంలోని ఓక్ అడవుల్లో ఉంటుంది, కొస ముదురు గోధుమ రంగు. ఓసియోలా ఫ్లోరిడాలో తప్ప ఇంకెక్కడా లేదు, బురద నేలల పక్షి. మెరియమ్స్ రాకీ కొండల పైన్ చెట్ల కింద తిరుగుతుంది, కొస తెల్లగా ఉంటుంది. గూల్డ్స్ మెక్సికో సరిహద్దు కొండల్లోది, కాళ్ళు పొడుగు. ఐదోది రియో గ్రాండే, మేముండే చోటుది. గూల్డ్స్ వదిలేసి తక్కిన నాలుగూ కొట్టినవాడికి గ్రాండ్ స్లామ్ అని పేరు.

పెద్దాయనకు ఈస్టర్న్ ఇష్టం, అది మహా జిత్తులమారిదంట. మా ఓటు మాత్రం రియో గ్రాండేకే. ఎందుకంటే అది మన నేల మీద ఉంటుంది. నవ్వకండి, చెప్తాం.

ఒక ఏప్రిల్ తెల్లవారుజామున ఆయన మమ్మల్ని ల్యానో నది పక్కకు తీసుకుపోయాడు. తుపాకీ ఆయన చేతిలోనే, మేము ఊరికే కూర్చునేవాళ్ళం. కారు దిగుతూనే ప్యాంటుకు ముల్లు తగులుకుంది. టార్చి వేసి చూస్తే అచ్చం మా ఊరి బళ్ళారి జాలి, అదే సర్కారు తుమ్మ! అక్కడ దాన్ని మెస్కీట్ అంటారు, మనదానికి దాయాది. మన ఊళ్ళో ఉండేది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఆ కాయలు టర్కీలు తింటాయి, మిడతల్ని తింటాయి, ముళ్ళజెముడు పండ్లు తింటాయి. ఎండు నేల, ముళ్ళ కంపలు, మధ్యలో సన్నటి ఏరు. ఏటి పక్కన పెద్ద పెకాన్ చెట్లు.

వెలుతురు రాకముందే కూత వచ్చింది. గొంతులో గోళీలు దొర్లించినట్టుంది. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం. పెద్దాయన ఒక చిన్న చెక్క పెట్టె మూతను రాకించి పెట్ట గొంతు తీశాడు. కొంచెం సేపటికి పుంజు నేలకు దిగి, తోక విప్పుకుని మెల్లగా మా వైపు వచ్చింది. తొమ్మిది కిలోలన్నా ఉంటుంది. తల ఎర్రగా, తెల్లగా, నీలంగా మారుతోంది, రొమ్ము మీద గడ్డంలా వెంట్రుకల కుచ్చు. వసంతంలో కొట్టాల్సింది ఆ గడ్డం ఉన్నదాన్నే అని చెప్పి ఉన్నాడు. ఇంకో పది అడుగులు వస్తే చాలు. అప్పుడు ఫొటో కోసం మేము ఫోన్ పైకెత్తాం.

దాని కంటిచూపు ఎంత పదునో ముందే చెప్పాడు కూడా. "పుట్" అని ఒక్క శబ్దం, పుంజు కంపల్లో మాయం. ఆయన ఒక్క మాటా అనలేదు. ఫ్లాస్కులో కాఫీ మాకూ పోసి ఇచ్చాడు. అది ఇంకా సిగ్గనిపించింది.

ఊరికి వచ్చాక జేజినాయనకు ఇదంతా చెప్పాం. మన దేశంలో 1972 చట్టం ఉంటే, అక్కడ వేటను ఎట్లా వదిలారని అడిగాడు. 20వ శతాబ్దం మొదట్లో వాళ్ళూ దాదాపు పోగొట్టుకున్నారని, తర్వాత ఉన్నచోట వలలతో పట్టి లేనిచోట వదిలి పెంచారని, అందులో వేటగాళ్ళ లైసెన్సు డబ్బు కూడా ఉందని చెప్పాం. ఆయన చాలాసేపు గమ్మునున్నాడు. మా చేను పక్కన కౌజులుండే కంపంతా చదును చేసి ఇప్పుడు మిరప వేస్తున్నారు. కాలువ నీళ్ళొచ్చినాయి, వద్దనేదెవరు?

పెట్ట గొంతు చెక్క పెట్టె సంగతి విని మాత్రం నవ్వాడు. "మనది రోసానికొచ్చి పడేది. వాళ్ళది ఆశకొచ్చి పడేది."

చివరికి రికార్డింగ్ వినిపించాం. ఇప్పుడాయనకు చూపు లేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు.

"చెట్టు మీద పండుకోనుండాది కదా ఇది?"

ఆ సంగతి మేము చెప్పలేదు. ఎట్లా తెలిసిందని అడిగితే, "గొంతు పైనుంచి వస్తాంది. ఇంగోసారి పెట్టండి," అన్నాడు.