డైరీ ఖాళీ, రిపోర్టు నార్మల్

గుండె విభాగమంతా తిప్పి చూపిస్తామన్నారు. క్యాథ్ ల్యాబ్, ఐసీయూ, కొత్తగా వచ్చిన ఎకో యంత్రం. సంపాదకుడు నన్ను పంపింది కూడా వాటి గురించి రాయమనే. కానీ కోస్తాలోని ఆ పెద్దాసుపత్రిలో నన్ను కదలనివ్వనివి, మెట్ల పక్కన కర్టెన్ వెనక, గుండె లయని రోజంతా నమోదుచేసే హోల్టర్ యంత్రాన్ని కట్టే టెక్నీషియన్ చేతులు. ఒక పెద్దాయన ఛాతీ మీద వెంట్రుకలు గీసి, స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగి, గరుకు గుడ్డతో చర్మం కాస్త ఎర్రబడేలా రుద్దాడు. అలా రుద్దకపోతే ఈసీజీ గీత చెదురుతుందట. ఎలక్ట్రోడ్‌ని నడిమధ్య నొక్కలేదు, జెల్ పక్కకి పోకుండా అంచుల వెంట నొక్కుతూ వచ్చాడు. ప్రతి తీగనీ ఒక మెలిక తిప్పి ప్లాస్టరు వేశాడు. నిద్రలో తీగ లాగినా మెలిక సాగుతుంది గాని ఎలక్ట్రోడ్ లేవదు. నార్మన్ హోల్టర్ అమెరికాలోని మొంటానాలో 1940లలో తయారుచేసిన తొలి యంత్రం బరువు సుమారు 38 కిలోలు, వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడది అరచేతిలో ఇమిడిపోయి, ఒక్క రోజులో సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెని నమోదు చేస్తుంది. అంతా అయ్యాక అతను ఒక కాగితం చేతికిచ్చాడు. టైము, ఏం చేస్తున్నారు, ఏమనిపించింది అని మూడు గడులు, అన్నీ ఇంగ్లీషులో. "దడ వచ్చినప్పుడు ఇందులో రాయండి పెద్దాయనా" అన్నాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ముందురోజు హోల్టర్ పెట్టెలతోపాటు తిరిగొచ్చిన కాగితాలు బల్ల మీదే ఉన్నాయి, దాదాపు అన్నీ ఖాళీగా. అడిగితే, "ఎవరూ రాయరండీ, రాసినా ఎవరూ చూడరు" అన్నాడు. నా తగువంతా ఆ కాగితం గురించే.

బయట బెంచీ మీద ఒకావిడ పక్కావిడతో చెప్పుకుంటోంది. ఉన్నట్టుండి గుండె పరుగెత్తే జబ్బు, ఎస్‌వీటీ, ఉందని తేలిందట. "గుండె డాక్టరుగారేమో టెన్షనంటారు. మానసిక డాక్టరుగారేమో ముందు గుండె చూపించుకు రమ్మంటారు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాసని గోలీ ఇస్తాడు. అసలు దడ రాకపోయినా, వస్తుందేమోనన్న గాబరాకే ఒళ్లంతా చెమటలు. ఇంతకీ నేనెవరి పేషెంట్ని వదినా?" ఆ ప్రశ్నకి ఆ భవనంలో ఏ అంతస్తులోనూ జవాబు లేదు. గుండెదా, మనసుదా అని అడగడంలోనే తప్పుంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, పైగా ఒకటి రెండోదాన్ని రేపుతుంది. గుండె లయ తప్పితే భయం పుడుతుంది, భయానికి అడ్రినలిన్ ఊరుతుంది, ఆ అడ్రినలిన్‌కి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఒంట్లో పుట్టిన మామూలు కదలికని ప్రాణాపాయంగా చదువుకోవడమే ఉన్నట్టుండి ముంచెత్తే భయానికి, అంటే పానిక్‌కి మూలమని మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించాడు. గుండె నిజంగానే అప్పుడప్పుడు మొరాయించే మనిషికి అలా చదువుకోవడం ఎంత సులువో వేరే చెప్పక్కర్లేదు.

"అంతా టెన్షనే" అని కొట్టిపారేస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో 1997లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. ఎస్‌వీటీ రుజువైన 107 మందిని వెనక్కి వెళ్లి చూస్తే, వాళ్లలో 67 శాతం మంది లక్షణాలు పానిక్ డిజార్డర్ కొలతలకి సరిపోయాయి. సగానికి పైగా మందిలో మొదటి పరీక్షల్లో అసలు జబ్బు దొరకనే లేదు. అలా దొరకనివాళ్లలో సగానికి పైగా మందికి డాక్టర్లు ఆందోళన అనో, ఒత్తిడి అనో పేరు పెట్టారు. ఆ పేరు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువగా పడింది. మన ఆడవాళ్లకి ఇదేమీ వింత కబురు కాదు. అయితే జబ్బు దొరికిన రోజున కథ ముగియదు. ఆ తర్వాత ప్రతి దడా గుండెదే అనిపిస్తుంది. మేడ మెట్లెక్కడం, బస్సెక్కడం, ఒంటరిగా పడుకోవడం ఒక్కొక్కటే మానేస్తారు. "నువ్వు హార్ట్ పేషెంటువి, కదలకు" అని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఆ పని పూర్తిచేస్తారు.

ఈ రెండు దడలకీ తేడా తెలుసుకోవడం కొంతవరకు సాధ్యమే. ఎస్‌వీటీ స్విచ్ వేసినట్టు మొదలై, తీసేసినట్టు ఆగిపోతుంది. వేగం తరచుగా నిమిషానికి 150 దాటుతుంది. పానిక్‌లో వేగం మెట్టుమెట్టుగా పెరిగి, సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, నెమ్మదిగా దిగుతుంది. అయినా లోపలినుంచి అనుభవించే మనిషికి ఇది పుస్తకంలో ఉన్నంత తేటగా కనిపించదు. నేర్పేది ఆ డైరీ కాగితమే. మధ్యాహ్నం మూడింటికి ప్రాణం పోతుందనిపించిందని రాసిన చోట గీత మామూలు లయలోనే ఉందని ఒకసారి కళ్లారా చూస్తే, ఎన్నిసార్లు "భయపడకమ్మా" అన్నా రాని ధైర్యం వస్తుంది. అక్కడ గీత నిజంగా తప్పితే, అదీ తెలియాల్సిందే. డైరీ లేకుండా వచ్చే "నార్మల్" రిపోర్టు ఈ రెంటిలో ఏదీ చెప్పదు. ఆ రోజు దడ రాలేదా, వచ్చినా లయ తప్పలేదా అన్నది ఎవరికీ తెలియదు.

రోజంతా గుండెనే గమనించుకుంటే గాబరా పెరగదా అని అడగొచ్చు. పెరుగుతుంది. గంటకోసారి వాచీలో ఈసీజీ తీసుకునేవాళ్లు ఇందుకు సాక్ష్యం. కానీ అదుపులేని కాపలా వేరు, ఒక రోజు రాసి డాక్టరు పక్కన కూర్చుని చదువుకోవడం వేరు. కర్ణికల లయ తప్పే జబ్బున్న 127 మందిలో సుమారు సగం మందికి స్వీడన్‌లో ఇంటర్నెట్ ద్వారా ప్రవర్తనా చికిత్స ఇచ్చి చూశారు. లక్షణాల మీద అతిగా ధ్యాసపెట్టడం, భయపడి పనులు మానుకోవడం తగ్గించడమే దాని గురి. చికిత్స అందినవాళ్ల జీవన నాణ్యత మెరుగైందని 2023లో ప్రకటించారు. భయాన్ని గుండె జబ్బుతోపాటే, గుండె విభాగంలోనే చూడొచ్చని దీనర్థం. ఇక ఓపీలో అంత తీరికెక్కడిదంటారా? డాక్టరుకి లేకపోవచ్చు. అంత నేర్పుగా తీగలు కట్టే టెక్నీషియన్‌కి, ఒక నర్సుకి నేర్పించండి. పది నిమిషాల పని. ఎస్‌వీటీ ఉన్నవాళ్లకి దాన్ని ఆపే చిట్కా కూడా అప్పుడే చేయించి చూపొచ్చు. సగం వాలి కూర్చుని, 10 మిల్లీలీటర్ల సిరంజిలో పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊది, వెంటనే వెల్లకిలా పడుకుంటే ఎవరైనా కాళ్లు 15 సెకన్లు ఎత్తిపట్టాలి. బ్రిటన్‌లో 2015లో తేలిన లెక్క ప్రకారం ఇలా చేస్తే 43 శాతం మందికి లయ కుదుటపడింది, కాళ్లెత్తకుండా కూర్చునే ఊదే పాత పద్ధతిలో 17 శాతమే. డాక్టరు సరేనన్నవాళ్లకే ఇది. చేతిలో ఒక ఉపాయం ఉందన్న నమ్మకమే సగం గాబరాని తగ్గిస్తుందని నా అభిప్రాయం.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చను. గాబరా అనుకుని అసలు ప్రమాదాన్ని వదిలేస్తే? స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, పరుగులోనో బరువు పనిలోనో కళ్లు తిరిగినా డైరీ రాస్తూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. గాబరాకి మందు రాసేవాళ్లకీ గుండె సంగతి తెలియాలి. మనదగ్గర విరివిగా వాడే ఎస్సిటాలోప్రామ్ వంటివి కొందరిలో ఈసీజీలోని క్యూటీ వ్యవధిని పెంచుతాయి. గుండె ఫైలు, మానసిక ఫైలు వేర్వేరు అంతస్తుల్లో ఉండిపోతే ఇది పట్టుకునేదెవరు?

ఆసుపత్రివాళ్లకి నా విన్నపం చిన్నది. ఆ కాగితం తెలుగులో అచ్చువేయించండి. చదువురానివాళ్లయితే ఇంట్లో పిల్లలచేత రాయించమని చెప్పండి. రిపోర్టు మీద సంతకం పెట్టేముందు దాన్ని చదవండి, ఖాళీగా వస్తే ఎందుకని అడగండి. బెంచీ మీది ఆవిడలాంటి వాళ్లకి ఒక మాట: గుండె డాక్టరుని మానకుండానే, గాబరా గురించి 14416కి, టెలీమానస్‌కి, ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.